హాజరు పట్టీలో పిండి బాబూరావు

రోజు 1, బుధవారం

ప్రతి బడీ రోజువారీ పుస్తకం రాయాలని గాలి ఆఫీసు వాళ్ళ ఉత్తర్వు. మిగతా బడుల్లో గోడలే రాసేసుకుంటాయి. మాది చేతుల బడి కనుక చేత్తోనే రాయాలట. సరే, రాస్తాను. నా పేరు భాగీరథి. చందమామ మీద మూడో సొరంగంలో, మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలకు చేతులు వాడటం నేర్పుతాను. పదహారేళ్ళుగా ఇదే పని. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. అర్థం కాకపోతే అది చదివేవాళ్ళ ఖర్మ.

ఈ రోజు పాఠం చెంబులోంచి గ్లాసులోకి నీళ్ళు పోయడం. ఇక్కడ నీళ్ళకు తొందరుండదు. చెంబు వంచితే తీరిగ్గా దిగుతాయి, గ్లాసు అంచుకు తగిలితే మనిషి ఎత్తు లేస్తాయి. పన్నెండు మంది పిల్లల్లో అయిదుగురు గ్లాసులో పోశారు, నలుగురు పక్కవాళ్ళ మీద పోశారు, ఇద్దరు తాగేశారు. మూడేళ్ళ తాతబ్బాయి ఖాళీ చెంబు నెత్తిన పెట్టుకుని నిద్రపోయాడు. ఇప్పుడు మా ఊళ్ళో పిల్లలకు ముత్తాతల పేర్లు పెట్టడం ఫ్యాషను, నన్నేమీ అనొద్దు. ఆయా వరహాలమ్మ గారు గోడలు తుడిచారు, ఆ తర్వాత కప్పు తుడిచారు. ఆవిడను నేను పిన్నీ అంటాను. చుట్టరికం ఏమీ లేదు, ఒకే గదిలో పదహారేళ్ళు చాకిరీ చేశాం, అంతే.

సాయంత్రం ఒక పాడు కబురు తెలిసింది. పుల్లయ్య వాళ్ళ నాన్నను ఏడో సొరంగానికి బదిలీ చేశారట. ఆదివారం కుటుంబంతో సహా వెళ్ళిపోతున్నారు.

ఇందులో నాకేం నష్టమో చెప్పాలి. మా తలుపు మీద గాలి మీటరు ఉంది. గదిలో ఎన్ని ఊపిర్లు ఉన్నాయో కొలిచి అంత గాలే వదులుతుంది. పెద్దవాళ్ళ ఊపిర్లు ఎర్ర అంకె, పిల్లల ఊపిర్లు పచ్చ అంకె. పచ్చ అంకె పన్నెండు ఉండాలి. వరసగా మూడు రోజులు పదకొండు కనబడితే గదికి గాలి కట్టేసి, పిల్లల్ని టోపీ బడికి పంపేస్తారు. మా ఊళ్ళో ఫలానా వాడికి టోపీ పెట్టారంటే మోసం చేశారని కాదు, బళ్ళో చేర్చారని అర్థం. నెత్తిన టోపీ, రోజుకు ఇరవై నిమిషాలు, చదువంతా బుర్రలోకి వెళ్ళిపోతుంది. మా పక్కింటి పదేళ్ళ కుర్రాడు అరటిపండు గురించి గంటసేపు చెప్పగలడు. మొన్న తోట విభాగం వాళ్ళు ఇంటికో పండు ఇస్తే, ఎటువైపు నుంచి ఒలవాలో తెలియక తొక్కతో సహా కొరికాడు.

రోజు 3, శుక్రవారం

పుల్లయ్యకు ఇదే ఆఖరి రోజు. వాడికి పెద్ద పాఠం ఒకటి చూపించి పంపుదామనుకున్నాను, పిండి రుబ్బించాను.

ఇక్కడ ఇడ్లీలు ఫ్యాక్టరీ నుంచి పొట్లాల్లో వస్తాయి. బిళ్ళల్లా ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పేర్చి తాతబ్బాయి బొమ్మ ఇల్లు కడతాడు. మా అమ్మమ్మ కోనసీమ నుంచి వచ్చిన మొదటి జట్టులో మనిషి. పిండి చేత్తో కలిపితేనే పొంగుతుందని అనేది. నేను ఎప్పుడూ చేసి చూడలేదు. బియ్యం, మినుములు తోట విభాగం వాళ్ళను బతిమాలి తెచ్చాను.

తలా గుప్పెడు వెయ్యమన్నాను. తలా ఎన్ని గుప్పిళ్ళు వేశారో దేవుడికే తెలియాలి. మినుములు నానేసరికి పెద్ద బకెట్టు నిండింది. పొట్టు కడగటానికి గంట పట్టింది. పొట్టు కిందికి దిగదు కదా, గదంతా నల్లగా ఎగురుతూనే ఉంది. రుబ్బురోలు ఇక్కడి రాయితో చెక్కిందే. తిప్పితే పొత్రం లేచి వస్తోంది. అందుకని ఒకడు తిప్పుతుంటే ఇద్దరు పొత్రం మీద వేలాడారు. చివర్లో అందరూ బకెట్టులో చేతులు పెట్టి కలిపారు. పుల్లయ్య మోచేతుల దాకా పెట్టాడు, తీయమంటే ఏడ్చాడు. నాకూ ఏడుపు వచ్చింది, పొట్టు కళ్ళలో పడిందని చెప్పాను.

బకెట్టు మీద గుడ్డ కప్పి, వేడి గొట్టం పక్కన పెట్టి తాళం వేశాం.

రోజు 6, సోమవారం

కాళ్ళీడ్చుకుంటూ వచ్చాను. పుల్లయ్య లేడు. పిల్లలు పదకొండు మందీ లోపలికి వచ్చి కూర్చున్నారు. తల ఎత్తి మీటరు చూడటానికి కూడా మనసు రాలేదు.

"టీచరుగారండీ, అదేంటండి, పన్నెండే ఉంది" అన్నారు పిన్ని.

చూశాను. పచ్చ అంకె పన్నెండు. పిల్లల్ని రెండుసార్లు లెక్కపెట్టాను. బల్లల కింద చూశాను. పుల్లయ్యను వాళ్ళమ్మ మరిచిపోయి వెళ్ళిందేమోనని బీరువాలో కూడా చూశాను.

ఇంతలో అచ్చమ్మ వచ్చి నా చీర కొంగు లాగింది. అచ్చమ్మకు అయిదేళ్ళు. తరగతికి అదే పెద్ద, ఒక్కోసారి నాకు కూడా. "టీచర్, పిండి బైటికొచ్చేస్తోంది" అంది.

గుడ్డ పైకి లేచి కూర్చుంది. తీస్తే పిండి బకెట్టు అంచు దాటి జానెడు ఎత్తు పొంగి ఉంది. ఇక్కడ బరువు తక్కువ కదా, కిందికి లాగేది ఏదీ లేక ఇష్టమొచ్చినంత పొంగింది. బుడగలు వచ్చి టప్పుమని పేలుతున్నాయి. కమ్మటి పులుపు వాసన. పిల్లలందరూ దాని చుట్టూ చేరి, పసిపాపను చూసినట్టు చూస్తున్నారు.

పిన్ని బకెట్టు ఎత్తి వరండాలోకి తీసుకెళ్ళారు. అంకె పదకొండు అయింది. లోపలికి తెచ్చారు. పన్నెండు. మళ్ళీ బయటికి, మళ్ళీ లోపలికి. నాలుగోసారికి మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.

"ఇది ఊపిరి తీస్తోందండి" అన్నారు పిన్ని.

మీటరు చేసినవాళ్ళను అనడానికేం లేదు. మొక్కలు తోట సొరంగంలో ఉంటాయి, తిండి పొట్లాల్లో వస్తుంది. గదిలో మనిషి కాక ఇంకోటి ఊపిరి వదులుతుందని వాళ్ళ టోపీలో ఎవరూ చెప్పి ఉండరు.

ఆ పూట ఇడ్లీలు వెయ్యాలని అనుకున్నాం. వెయ్యలేదు.

రోజు 7, మంగళవారం

పొద్దున్నే గోడ మాట్లాడింది. పుల్లయ్య పేరు తీసేశారట, కొత్తగా చేరిన విద్యార్థి పేరు చెప్పమంది. పేరు చెప్పకపోతే తలుపు తెరుచుకోదు. లోపల పిల్లలు, బయట తల్లులు.

పిల్లల్ని అడిగాను. బాబు అన్నారు. ఇంటిపేరు అంది గోడ. నాకేం తోచక పిండి అన్నాను. పిండి బాబు సరిపోదు, పూర్తి పేరు చెప్పమంది. "బాబూరావు అనండి, మర్యాదగా ఉంటది" అన్నారు పిన్ని. తల్లి పేరు అడిగింది. పిన్ని ముందుకు వచ్చి, "నా పేరు రాసేసుకోండి" అన్నారు. ఆవిడకు అరవై రెండేళ్ళు. గోడ ఒక్క క్షణం ఆగి, శుభాకాంక్షలు చెప్పింది.

ఇది తప్పని నాకు తెలుసు. ఈ పుస్తకం గాలి ఆఫీసు వాళ్ళే చదువుతారనీ తెలుసు. కాని వాళ్ళకు చేతిరాత చదవటం రాదు, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. అచ్చమ్మ మూడేళ్ళప్పుడు ఇక్కడికి వచ్చింది. అంతకుముందు ఆరు నెలలు టోపీలో ఉంది. చెంచా చేతికిస్తే దాని చరిత్ర చెప్పేది గాని నోటి దాకా తెచ్చుకోలేకపోయేది. ఇప్పుడు పదకొండు మందికీ అదే జుట్టు దువ్వుతుంది, గుండీలు పెడుతుంది. దాన్ని మళ్ళీ టోపీలోకి పంపటం నా వల్ల కాదు.

రోజు 10, శుక్రవారం

బాబూరావును బతికించుకోవాలంటే రోజూ కొత్త పిండి కలపాలి. దాంతో పాఠాలకు కొదవ లేకుండా పోయింది. మూడు గుప్పిళ్ళు బియ్యం, ఒక గుప్పెడు మినుములు అని కొలవటం వచ్చింది. పొంగు ఎంత లేచిందో బకెట్టు మీద గీతలు పెట్టటం వచ్చింది. మిగిలిన బియ్యప్పిండితో ముగ్గులు వేశారు. ముగ్గు నేల మీదే ఉండాలని ఇక్కడ రూలేం లేదు, సగం గాల్లోనే ఉంది. పదహారేళ్ళలో నేను ఇంత మంచి తరగతి చూడలేదు.

కాని వాడికి మేత ఎక్కువైంది. మధ్యాహ్నం మీటరు పదిహేను చూపించింది. పన్నెండు దాటి అరవై నిమిషాలు ఉంటే గాలి ఆఫీసులో గంట మోగుతుంది. ఎవరో ఒకరు చూడటానికి వస్తారు. పిన్ని ఆవిరి కుక్కరు పెట్టారు. ముప్పావు గంటలో తలా ఆరు ఇడ్లీలు తిని బాబూరావును పన్నెండుకు దించాం. ఇడ్లీలు దూదిలా ఉన్నాయి. తాతబ్బాయి ఒక్కడే తొమ్మిది తిని, ఇల్లు కట్టడానికి పనికిరావని ఫిర్యాదు చేశాడు.

రోజు 13, సోమవారం

వేడి గొట్టం మరమ్మతు. గది చల్లబడింది, బాబూరావు నీరసించాడు. పొద్దున పదికి అంకె పదకొండు. పిన్ని శాలువా కప్పుకుని, బకెట్టు ఒళ్ళో పెట్టుకుని, దాన్ని కావలించుకుని కూర్చున్నారు. పిల్లలు ఒకరి వెనక ఒకరు వచ్చి ఆవిడ మీద పడుకున్నారు. నేను అందరి మీదా దుప్పటి కప్పాను. రెండింటికి పన్నెండు వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టబోతే, నిద్రలేస్తాడని అచ్చమ్మ వారించింది.

రోజు 16, గురువారం

గాలి ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. పిండి బాబూరావు అనే విద్యార్థి రాత్రింబగళ్ళు బళ్ళోనే ఉంటున్నాడట. ఇంటికి తీసుకెళ్ళని తల్లి మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పాలట.

"రాత్రుళ్ళు ఊపిరి బిగబట్టమని వాడికి చెప్పలేం కదా" అన్నాను.

"నేను ఇంటికి తీసుకెళ్తానండి. తల్లిని నేనే కదా" అన్నారు పిన్ని. ఇలా అంటున్నప్పుడు ఆవిడ మొహంలో నవ్వు లేదు.

రోజు 20, సోమవారం

పిన్ని రోజూ సాయంత్రం బకెట్టు చంకన పెట్టుకుని ఇంటికి వెళుతున్నారు, పొద్దున తెస్తున్నారు. ఆవిడ ఇంటి మీటరు కూడా పచ్చ అంకె చూపిస్తోంది. సొరంగంలో అందరి తలుపుల మీదా అంకెలు అందరికీ కనబడతాయి. ఇరుగుపొరుగు గుసగుసలు మొదలయ్యాయి. ఎదురింటావిడ వచ్చి, ఈ వయసులో ఓపిక ఎలా వచ్చిందమ్మా అని అడిగిందట. ఆడపడుచు వరసయ్యే ఆవిడ ఉయ్యాల పంపింది. ఉయ్యాల బాగుంది. బకెట్టు అందులో సరిగ్గా పట్టింది.

గాలి ఆఫీసు నుంచి బాబూరావు పేరు మీద పాలపొట్లాలు, బూట్లు కూడా వచ్చాయి. బరువు చూసే బల్ల మీద వారానికి నాలుగు కిలోలు పెరిగాడని గోడ మమ్మల్ని అభినందించింది.

అయితే ఒక పిల్లవాడు వారానికి నాలుగు కిలోలు పెరిగితే గోడలు మెచ్చుకుంటాయి గాని మనుషులు ఊరుకోరు. ఎల్లుండి ఇన్‌స్పెక్టరు వస్తారని కబురు.

రోజు 22, బుధవారం

ఇన్‌స్పెక్టరు పేరు త్రివిక్రమరావు. నలభై ఏళ్ళుంటాయి. పొడవాటి మనిషి. కోటు గుండీలు ఒక్కటీ పెట్టుకోలేదు. స్టైలనుకున్నాను.

"హాజరు పిలవండి" అన్నారు.

పిలిచాను. పదకొండు మందీ పలికారు. బాబూరావు వంతు వచ్చింది. జ్వరంతో పడుకున్నాడని చెబుదామని ముందే అనుకున్నాను. నోరు తెరిచాను. అంతలో పదకొండు వేళ్ళు బకెట్టు వైపు చూపించాయి.

"వాడు పలకడండి. పొంగుతాడు" అంది అచ్చమ్మ.

ఆయన బకెట్టు దగ్గరికి వెళ్ళి తొంగి చూశారు. ఒక బుడగ పేలింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

ఇక దాచటానికేం లేదు. పుల్లయ్య వెళ్ళిపోవడం, పిండి, మీటరు, ఉయ్యాల, అన్నీ చెప్పేశాను. చెబుతూ చెబుతూ కోపం వచ్చేసింది. "మీ టోపీ వల్ల పిల్లలకు తెలియనిది లేదు, చేతనైనది లేదు. పన్నెండో ఊపిరి కోసం నేను అబద్ధం చెప్పాను. ఇంకోసారి అవసరమైతే ఇంకోసారి చెబుతాను. రాసుకోండి" అన్నాను. పిన్ని వచ్చి నా పక్కన నిలబడ్డారు.

ఆయన రాసుకోలేదు. ఇంకా బకెట్టునే చూస్తున్నారు. "బియ్యము, మినుములు నానబెట్టి రుబ్బిన మిశ్రమమందు సూక్ష్మజీవులు వృద్ధి చెంది వాయువును విడుదల చేయును. తొమ్మిదో పాఠం. నాకు మొత్తం వచ్చు" అన్నారు.

"ఆయ్. ఇదే అదండి" అన్నారు పిన్ని.

"ఇదా?" అని ఆయన చెయ్యి చాచారు.

అచ్చమ్మ అడ్డం వచ్చింది. "చేతులు కడుక్కున్నారా?"

"లేదమ్మా."

"అయితే ముట్టుకోకూడదు. వాడికి జబ్బు చేస్తుంది."

ఇన్‌స్పెక్టరు గారు వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చారు. కోటు చేతులు మడవటం రాలేదు, అచ్చమ్మే మడిచింది. పిండిలో పిడికిలి దించారు. "వేళ్ళు తెరవాలి. కొట్టకూడదు. అడుగునుంచి పైకి తేవాలి" అని చెబుతూ అచ్చమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. ఆయన కలిపారు. చాలాసేపు కలిపారు. వెచ్చగా ఉందని ఒకసారి అన్నారు. అది తొమ్మిదో పాఠంలో లేదట.

వెళ్ళేముందు చేతులు తుడుచుకుని, గొంతు సవరించుకున్నారు. "ఇది చాలా తీవ్రమైన విషయం. విచారణ జరగాలి. విచారణ పూర్తయ్యే దాకా బడి మూయడానికి వీల్లేదు. రేపు మళ్ళీ వస్తాను."

రోజు 28, మంగళవారం

విచారణ జోరుగా సాగుతోంది. గురువారం బఠాణీలు ఒలవటం మీద విచారణ. ఇన్‌స్పెక్టరు గారు నలభై కాయలు ఒలిచారు, ముప్ఫై గింజలు గాల్లోకి పోయాయి. శుక్రవారం పూసలు గుచ్చటం. సూదిలో దారం ఎక్కించటానికి గంట పట్టింది. ఎక్కాక లేచి నిలబడి అందరికీ చూపించారు. తాతబ్బాయి తన దండ తీసి ఆయన మెడలో వేశాడు. నిన్న కాగితం పడవలు చేశాం. ఈ రోజు చెంబులోంచి గ్లాసులోకి నీళ్ళు పోయించాను. నా మీద పోశారు.

కోటు గుండీలు పెట్టుకోకపోవడం స్టైలు కాదు, పెట్టుకోవటం రాదు. ఇరవై నిమిషాల టోపీ చదువులో మొదటి బ్యాచి ఆయనే. మూడు గుండీల దాకా వచ్చారు. నాలుగోది పైనుంచి రెండో బెజ్జంలోకి పోతోంది.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక చిన్న బల్ల మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చున్నారు.

"మా పాపకు నాలుగేళ్ళండి. మాణిక్యం. టోపీలోనే చదువుతోంది. మొన్న సొరంగంలో నడుస్తూ, నా వేలు పట్టుకోమ్మా అన్నాను. ఎంత బలంతో పట్టుకోవాలి నాన్నా, కొలత చెప్పు, అని అడిగింది" అన్నారు.

నాకు నవ్వు వచ్చింది. ఆయన మొహం చూశాక ఆగిపోయింది.

"ఇక్కడికి తీసుకురావచ్చు కదండీ" అన్నాను.

"గాలి ఆఫీసు ఉద్యోగుల పిల్లలు టోపీ బడిలోనే చదవాలని ఉత్తర్వు ఉంది."

"ఎవరిచ్చారో ఆ ఉత్తర్వు" అన్నాను, కాస్త గట్టిగానే.

"నేనే" అన్నారు.

రోజు 30, గురువారం

పైనుంచి హుకుం వచ్చింది. పిండి గురించి ఇన్ని రోజుల విచారణ ఏమిటి, రేపటికల్లా తేల్చి నివేదిక ఇవ్వమన్నారట. త్రివిక్రమరావు గారు ఆ కాగితం నాకు చూపించి వెళ్ళిపోయారు.

ఆయన అబద్ధం రాయరు. అది నాకు తెలుసు. పిండిని పిల్లవాడని నివేదికలో రాయమని నేను కూడా అడగలేను, అంత సిగ్గు నాకు ఇంకా మిగిలి ఉంది. పిన్ని బకెట్టు తీసుకుని ఇంటికి వెళుతూ గుమ్మంలో ఆగారు. "రేపు గాలి కట్టేస్తే పిల్లల్నేం చేస్తారండి?" అన్నారు. చెంబులు, పూసలు, రుబ్బురోలు, అన్నీ ఒక మూలకు సర్దాను. అచ్చమ్మ దువ్వెన దాని చేతికే ఇచ్చి పంపాను, రేపు గొడవలో మరిచిపోతానేమోనని.

రోజు 31, శుక్రవారం

పదింటికి వచ్చారు. కోటు గుండీలు నాలుగూ పెట్టుకున్నారు, సరైన బెజ్జాల్లో. నాకు ఇంకా భయం వేసింది. పెద్ద పనికి వచ్చేవాళ్ళే అలా తయారవుతారు.

నిలబడి నివేదిక చదివారు. "పిండి బాబూరావు బియ్యము, మినుములతో చేసిన మిశ్రమము. పిల్లవాడు కాడు. పచ్చ అంకెలో లెక్కించుటకు వీలు లేదు. ఇతడిని మినహాయించి నేటి నుంచి విద్యార్థుల సంఖ్య..." అని ఆగారు.

"పదకొండు" అన్నాను.

"అదీ చూడాలి" అన్నారు. జేబులోంచి ఇంకో కాగితం తీసి బల్ల మీద పెట్టారు. ఉద్యోగుల పిల్లల ఉత్తర్వు అది. దాని మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా పెన్నుతో కొట్టేసి ఉంది. గోడకు చెప్పి చేయించలేదు, తన చేత్తోనే గీశారు. గీత ఎంత వంకరగా ఉందో చెప్పలేను.

అప్పుడు కనబడింది, ఆయన కోటు వెనక ఒక చిన్న పిల్ల. నుదుటి మీద టోపీ అంచు ఒత్తుకున్న గుర్తు. చేతులు రెండూ పక్కలకు వేలాడుతున్నాయి, ఎవరో తగిలించి మరిచిపోయినట్టు.

"ఇది ఏ పాఠం?" అని అడిగింది మాణిక్యం.

అచ్చమ్మ వచ్చి దాన్ని చేతులు కడగటానికి తీసుకెళ్ళింది, తిరిగి తీసుకొచ్చి బకెట్టు ముందు కూర్చోబెట్టింది. రెండు చేతులూ పట్టుకుని పిండిలో పెట్టింది. మాణిక్యం ఊపిరి బిగబట్టింది. ఒక బుడగ దాని వేళ్ళ మధ్య పేలింది. అది ఇంకో బుడగ కోసం చూసింది. తర్వాత తనే వేళ్ళు తెరిచింది.

కాసేపటికి తల తిప్పి వాళ్ళ నాన్నను చూసింది. పిండి చెయ్యి అలాగే చాచి ఆయన చూపుడువేలు పట్టుకుంది. కొలత అడగలేదు. ఆయన కోటంతా పిండి అయింది. త్రివిక్రమరావు గారు అటు తిరిగి నిలబడ్డారు. పొట్టు కళ్ళలో పడిందేమోనని పిన్ని అడిగారు. ఈ వారం మినుములు పొట్టు లేనివే వాడాం.

నేను మీటరు వైపు చూశాను. పచ్చ అంకె పదమూడు.

"గంట మోగుతుందండి" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు, కళ్ళు తుడుచుకుంటూ. "పన్నెండు దాటకూడదు. నిబంధన."

పిల్లలందరూ బాబూరావు వైపు చూశారు. అచ్చమ్మ లేచి వెళ్ళి బకెట్టు అంచు నిమిరింది. "పెద్దవాడయ్యాడు. ఇంక బడి మానొచ్చు" అంది. పిన్ని కొంగుతో మొహం తుడుచుకుని ఆవిరి కుక్కరు వెలిగించారు.

మొత్తం తొంభై నాలుగు ఇడ్లీలు అయ్యాయి. మాణిక్యం నాలుగు తింది, తన చేత్తోనే. రెండు నోట్లోకి, రెండు చెవి దగ్గరికి. ఇన్‌స్పెక్టరు గారు పదకొండు తిన్నారు. పన్నెండోది వద్దన్నారు, ఆ అంకె మీద ఇప్పుడు గౌరవం ఏర్పడిందట. తాతబ్బాయి తింటూ తింటూ నిద్రపోయాడు. ఎదురింటావిడకు, ఉయ్యాల పంపిన ఆవిడకు చెరో ఆరు ఇడ్లీలు పట్టుకెళతానని పిన్ని పొట్లం కట్టుకున్నారు. ఏమని చెప్పి ఇస్తారో నేను అడగలేదు.

మీటరు పన్నెండు చూపించింది. అందరం దాన్ని కాసేపు చూస్తూ కూర్చున్నాం.

సాయంత్రం హాజరు పట్టీ తీసి మాణిక్యం పేరు రాశాను. బాబూరావు పేరు కొట్టేశాను. బడి మానడానికి కారణం అన్న గడి ఖాళీగా ఉంచితే గోడ ఒప్పుకోదు. తినేశాం అని రాశాను.